శిక్ష, శిక్షణ: ఇంట్లోకి వచ్చిన కుక్కపిల్ల చరిత్ర

జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ వచ్చింది. అది దేవతల కుక్క అయిన సరమ బిడ్డ, సారమేయుడు. రాజు తమ్ముళ్ళు దానిని కొట్టి తరిమివేశారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి, తన బిడ్డ హవిస్సును ముట్టలేదని, దానివైపు చూడనైనా లేదని, ఏ నేరం చేసిందని కొట్టారని నిలదీసింది. జవాబు చెప్పగలిగినవారు అక్కడ లేకపోయారు. నిరపరాధిని దండించినందుకు ఊహించని భయం మీకు కలుగుతుందని శపించి ఆమె వెళ్ళిపోయింది. నన్నయ ఆదిపర్వం ఆరంభంలోనే ఈ కథ ఉంది. చేయని తప్పుకు దెబ్బలు తిన్న కుక్కపిల్ల తరఫున ఇంత పాతకాలపు ఫిర్యాదు మరొకటి నేను చదవలేదు.

మన భాషలో ఒక విచిత్రం ఉంది. సంస్కృతంలో ‘శిక్ష’ అంటే నేర్చుకోవడం, నేర్పడం. ఆరు వేదాంగాలలో ఒకదాని పేరు కూడా అదే. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకు దండన అనే అర్థం స్థిరపడింది. నేర్పడానికి మళ్ళీ ‘శిక్షణ’ అనే మాట వాడుకోవలసి వచ్చింది. కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్లకు ఇంట్లో మలమూత్రాల అలవాటు నేర్పే విషయంలోనూ మనుషులు ఈ రెండు అర్థాలను చాలాకాలం కలగలిపి చూశారు. నేను మనుషుల వైద్యుణ్ణి, పశువైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయంలో ఇంటిల్లిపాది ఆరోగ్యమూ, ముఖ్యంగా పసిపిల్లల కంటిచూపూ ముడిపడి ఉన్నందువల్ల దీని చరిత్రను కొంత వివరంగా చెప్పదలచాను.

మొదట గమనించవలసింది, ఈ సమస్య వయసు చాలా తక్కువ. కుక్క మనిషితో కలిసి బతకడం వేల ఏళ్ళ నాటిది. కానీ ఆ కాలంలో ఎక్కువ భాగం అది ఇంటి బయటే ఉంది. మన పల్లెల్లో కుక్క వాకిట్లో కాపలా కాసేది, అరుగు కింద పడుకునేది, పెరట్లో వేసిన అన్నం తినేది. గడప దాటి లోపలికి వస్తే మడి, ఆచారం అడ్డువచ్చేవి. దాని విసర్జన సంగతి చేనూ పొలంగట్టూ చూసుకునేవి. ఐరోపా పల్లెల పరిస్థితీ దాదాపు ఇదే. అంతఃపురాల్లో ఒడిలో పెంచిన చిన్న కుక్కలు ఉండేవి గాని, వాటి వెనక ఊడ్చి తుడిచే నౌకర్లు ఉండేవారు. ఆంగ్లేయుల కాలంలో మన దేశంలోని దొరల బంగళాల్లోనూ సీమకుక్కలను చూసుకోవడానికి ప్రత్యేకంగా పనివారు ఉండేవారు. తుడిచే చేయి వేరొకరిదైతే నేర్పే అవసరం ఎవరికి కలుగుతుంది?

పందొమ్మిదో శతాబ్దంలో పారిస్, లండన్ వంటి నగరాల్లో మధ్యతరగతి వారు పెరడు లేని ఇళ్ళలో కుక్కలను పెంచడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. అప్పటి లండన్ వీధుల్లో కుక్కల మలానికి ధర కూడా ఉండేదంటే నమ్మశక్యం కాదు. తోళ్ళు పదునుచేసే కార్ఖానాలు దానిని కొనేవి. తోలు మెత్తబడడానికి వాడేవి. ఆ మలాన్ని బకెట్లలో ఏరి అమ్ముకొని బతికిన నిరుపేదల గురించి హెన్రీ మేహ్యూ 1851 నాటి తన గ్రంథంలో వివరంగా రాశాడు. వీధిలో పడినది సరుకు. ఇంట్లో తివాచీ మీద పడితే మాత్రం నేరం!

ఆ నేరానికి మందుగా తరతరాలుగా ప్రచారంలో ఉన్నది దండన. పిల్ల ముక్కును అది చేసిన చోట రుద్దడం, వార్తాపత్రికను చుట్టి కొట్టడం, చెవి మెలిపెట్టి అరవడం. మన ఇళ్ళలో చీపురుకట్ట ఆ పని చేసేది. ఇంగ్లీషులో దీనికి ఉన్న పాతపేరు ‘హౌస్‌బ్రేకింగ్’. అదే మాటకు ఇళ్ళు పగలగొట్టి దోచుకోవడం అనే అర్థమూ ఉంది. పొగరు అణచి లొంగదీయడం అనే భావం ఆ పేరులోనే ధ్వనిస్తుంది. కుక్కల శిక్షణను పద్ధతిగా పుస్తకానికెక్కించిన తొలివారిలో ఒకడైన కొన్రాడ్ మోస్ట్ ప్రష్యా పోలీసు అధికారి. ఆయన గ్రంథం 1910లో వచ్చింది. మంచో చెడో, ఫలితం పని జరిగిన క్షణంలోనే అందాలని ఆయన గ్రహించాడు. అది ఆయన గొప్ప. కానీ ఆయన పద్ధతిలో బలప్రయోగమే వెన్నెముక. పోలీసు, సైనిక శిక్షణలోని ఆ కాఠిన్యమే ఆ తరువాత ఇళ్ళలోకీ వచ్చింది. అమెరికాలో 1962లో వచ్చి లెక్కలేనన్ని ఇళ్ళకు చేరిన విలియం కోహ్లర్ పుస్తకం కూడా ఆ బాటలోనిదే.

విచారించవలసిన సంగతి ఏమిటంటే, దండన ఎందుకు పనిచేయదో చెప్పగల విజ్ఞానం అప్పటికే సిద్ధంగా ఉంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే పిల్లులను చిక్కుపెట్టెల్లో ఉంచి, ఏ పని వెంట సంతృప్తి కలుగుతుందో ఆ పనినే జంతువు మళ్ళీ చేస్తుందని చూపాడు. బి.ఎఫ్. స్కిన్నర్ 1951లో జంతువులకు ఎలా నేర్పాలో వివరిస్తూ సామాన్యుల కోసమే ఒక వ్యాసం రాశాడు. బహుమతి వెంటనే అందకపోతే దేనికి అందిందో జంతువుకు అర్థం కాదన్నది అందులోని కీలకం. ఈ మాటను కుక్కపిల్లకు అన్వయించి చూడండి. అది ఉదయం పది గంటలకు సోఫా వెనక మూత్రం పోసింది. సాయంత్రం ఆరింటికి యజమాని వచ్చి, చూసి, కొట్టాడు. పిల్ల నేర్చుకున్నది, యజమాని తలుపు తీసినప్పుడు దెబ్బలు పడతాయని మాత్రమే. పని చేస్తుండగా పట్టుకొని కొట్టినా అది నేర్చుకునేది మనిషి ఎదుట విసర్జించడం ప్రమాదకరమని. ఆ తరువాత వీధిలోకి గంటసేపు తిప్పినా బిగబట్టి, ఇంటికి రాగానే మంచం కిందకు దూరి అక్కడ కానిస్తుంది. దీనిని మనం మొండితనం అంటాం.

“కాదండీ, దానికి తప్పు తెలుసు, ముఖం చూస్తే తెలుస్తుంది” అని చాలామంది వాదిస్తారు. తోక ముడిచి, చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు తిప్పుకొనే ఆ చూపును 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు పరీక్షకు పెట్టారు. 14 కుక్కల ముందు తినుబండారం ఉంచి, తినవద్దని చెప్పి యజమాని బయటకు వెళ్ళాలి. కొన్నిసార్లు కుక్క తిన్నది, కొన్నిసార్లు తినలేదు. తిరిగివచ్చిన యజమానికి మాత్రం కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. అపరాధపు చూపుకు, కుక్క నిజంగా తినడానికి సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడు ఆ చూపు వచ్చింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే అది మరింత ఎక్కువగా కనిపించింది. సరమ రాజసభలో అడిగిన ప్రశ్నకు ప్రయోగశాలలో రుజువు దొరికిందని నాకు అనిపించింది.

మరి కుక్కపిల్లకు శుభ్రత పట్టదా? నిజానికి అది శుభ్రతతోనే పుడుతుంది. పుట్టిన మొదటి రెండు మూడు వారాలు పిల్ల తనంతట తాను విసర్జించలేదు. తల్లి నాకితేనే మలమూత్రాలు వస్తాయి; వాటిని తల్లే తినివేసి పడకను శుభ్రంగా ఉంచుతుంది. మూడో వారం దాటి కాళ్ళు నిలదొక్కుకోగానే పిల్లలు పడక వదిలి కాస్త దూరం పోయి విసర్జించడం మొదలుపెడతాయి. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అయిదు జాతుల కుక్కల మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశీలనలు 1965లో గ్రంథంగా వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది వారాల వయసుకు పిల్లలు ఒక నిర్ణీత స్థలాన్ని ఎంచుకొని అక్కడికే వెళ్ళడం ఆరంభిస్తాయని వారు గుర్తించారు. సాధారణంగా మనం పిల్లను ఇంటికి తెచ్చుకునే వయసు సరిగ్గా అదే. పడక పాడుచేయరాదని దానికి తెలుసు. మన మూడు గదుల ఇల్లంతా పడకే అని మాత్రం తెలియదు. నేర్పవలసింది ఆ ఒక్కటే. పుట్టినచోటే ఇనుప బోనులో విసర్జన మధ్య పెరిగిన పిల్లకు ఆ సహజ ప్రవృత్తి మొద్దుబారిపోతుంది. లాభం కోసం గంపగుత్తగా పిల్లలను పుట్టించి అమ్మేవారి దగ్గర కొన్న కుక్క అలవాటు పడక వేధించడానికి ఇది ముఖ్య కారణం.

ఇక వైద్యుడిగా నన్ను కలవరపెట్టిన అధ్యాయం. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే కంటి వ్యాధినిర్ధారణ శాస్త్రవేత్త, శస్త్రచికిత్సలో తొలగించి భద్రపరచిన 46 కళ్ళను సూక్ష్మదర్శిని కింద మళ్ళీ పరిశీలించారు. అవి ప్రధానంగా పిల్లల కళ్ళు. ఎక్కువగా క్యాన్సర్ అనుమానంతో తీసివేసినవి. వాటిలో 24 కళ్ళలో క్యాన్సర్ లేదు, పురుగు పిల్లల జాడలు ఉన్నాయి. 1952లో న్యూ ఓర్లీన్స్‌లో పాల్ బీవర్ బృందం పసిపిల్లల కాలేయంలోనూ ఇటువంటి పురుగులను కనుగొని, అవి కుక్కల పేగుల్లో ఉండే టాక్సోకారా అనే ఏలికపాములని తేల్చింది. వైల్డర్ చూసిన నమూనాల్లోనూ అవే ఉన్నట్లు 1956లో బయటపడింది. ఈ పురుగు తల్లి గర్భంలో ఉండగానే పిల్లకు సోకుతుంది, పాల ద్వారా కూడా వస్తుంది. అందువల్ల ముద్దులొలికే రెండు నెలల పిల్లే, పెద్ద కుక్క కంటే ఎక్కువగా, మలంలో గుడ్లను విడుస్తుంది. తాజా మలంలోని గుడ్డు మనిషికి సోకదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉండి పక్వమయ్యాకే హాని చేస్తుంది. ఆ తరువాత ఏళ్ళ తరబడి మట్టిలో బతికి ఉండగలదు. పిల్ల ఏ మూలన విసర్జించిందో తెలిసి, వెంటనే తీసివేస్తే ప్రమాదం దాదాపు లేనట్లే. తెలియని పెరటి మూలల్లో, పిల్లలు ఆడుకునే ఇసుకలో మిగిలిపోయినదే ప్రమాదం.

న్యూయార్క్ నగరంలో ఈ భయమే వీధికెక్కింది. 1970ల ఆరంభంలో ఫ్రాన్ లీ అనే నటి, ‘కుక్కల కంటే ముందు పిల్లలు’ అనే అర్థం వచ్చే పేరుతో సంస్థ పెట్టి టాక్సోకారా గురించి ప్రచారం చేశారు. ఆగ్రహించిన కుక్కల యజమానులు ఒక సభలో ఆమె మీదకు కుక్కమలం విసిరారు. చివరకు 1978 ఆగస్టు 1 నుంచి, తన కుక్క విసర్జించినదాన్ని యజమానే ఎత్తివేయాలనే చట్టం అమలులోకి వచ్చింది. ఆ చట్టాన్ని ఫ్రాన్ లీ సమర్థించకపోవడం విడ్డూరం. ఎత్తివేస్తే చాలదని, కుక్క వీధికే రాకుండా యజమాని ఇంట్లోనే ఆ పని ముగించాలని ఆమె పట్టుబట్టారు. అంతవరకూ కుక్కకు ఇల్లు పాడుచేయవద్దని నేర్పిన నగరంలో, ఇంట్లోనే చేయమని నేర్పాలన్న వాదం అది. చట్టం మాత్రం నిలిచింది. మరెన్నో నగరాలు దానిని అనుసరించాయి.

అదే 1978లో మరొక సంఘటన జరిగింది. కుక్కల్లో పార్వో వైరస్ మొదటిసారి బయటపడి, రెండేళ్ళలో ప్రపంచమంతా వ్యాపించింది. నెత్తురు విరేచనాలతో పిల్లలు రోజుల్లో చనిపోయేవి. మలం ద్వారా వ్యాపించే ఈ వైరస్ నేలలో నెలల తరబడి నిలుస్తుంది. దానితో టీకాలన్నీ పూర్తయ్యేవరకు, అంటే దాదాపు నాలుగు నెలలు వచ్చేదాకా, పిల్లను బయట నేలమీద దించవద్దనే సలహా స్థిరపడింది. సలహా మంచిదే. కానీ పిల్ల కొత్త మనుషులకూ కొత్త ప్రదేశాలకూ అలవాటుపడే వయసు మూడు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల మధ్యే. అప్పుడు నాలుగు గోడల మధ్య పెరిగినది తరువాత భయస్థురాలై కరుస్తుంది. 2008లో అమెరికా పశు ప్రవర్తనా వైద్యుల సంఘం, మొదటి టీకా వేసిన వారం తరువాత, శుభ్రమైన చోట, టీకాలు పొందిన ఇతర పిల్లలతో కలవనివ్వవచ్చని ప్రకటించింది. విసర్జన అలవాటుకు వచ్చేసరికి మధ్యేమార్గం ఊరకుక్కలు తిరగని డాబా మీదో బాల్కనీలోనో ఒక మూల. ట్రేలో పరచిన పచ్చిక గడ్డి అక్కడ ఉంచితే తరువాత బయటి గడ్డికి మారడం తేలిక.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో ఇప్పుడు కుక్కపిల్లలు అయిదో అంతస్తులో పెరుగుతున్నాయి. లిఫ్టులో తడి కనిపించిన రోజున సంఘం సమావేశంలో పెద్ద రగడే జరుగుతుంది. ఆ రగడ చివర పిల్ల వీధిన పడిన సందర్భాలు అరుదు కావు. దీనికి కావలసింది గడియారం. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట ముగియగానే పిల్లను అదే స్థలానికి తీసుకువెళ్ళాలి. పని కాగానే, ఇంట్లోకి వచ్చేదాకా ఆగకుండా, అక్కడే చిన్న తినుబండారం పెట్టాలి. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. రాత్రి ఒకసారి లేవవలసిందే. కాపలా లేనప్పుడు చిన్న గదిలోనో, తిరగడానికి, పడుకోవడానికి చాలినంత పెట్టెలోనో ఉంచవచ్చు. గంటల తరబడి బంధించడం మాత్రం తగదు; స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో అటువంటి బంధనానికి చట్టమే అడ్డు. తప్పు జరిగితే మాట్లాడకుండా తుడవాలి. ఫినాయిలు మన ముక్కును కప్పుతుంది, పిల్ల ముక్కును కప్పదు. ఎంజైములతో వాసనను విరిచే ద్రావణాలు పెంపుడు జంతువుల సరుకుల అంగళ్ళలో దొరుకుతాయి. రెండో వారం నుంచి రెండేసి వారాలకు ఒకసారి, ఎనిమిది వారాలు వచ్చేవరకు నులిపురుగుల మందు వేశారో లేదో అమ్మినవారిని అడగండి. ఆ తరువాతి మోతాదులు పశువైద్యుడు చెబుతారు. పిల్లలచేత చేతులు కడిగించడం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అలవాటు పూర్తిగా కుదిరిన కుక్క నెలల తరువాత మళ్ళీ ఇంట్లో పోయడం మొదలుపెడితే దానికి పొగరు పట్టిందనుకోవద్దు. మూత్రకోశంలో సూక్ష్మక్రిములు చేరడం, రాళ్ళు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఇలాగే బయటపడతాయి. మనుషుల్లో ముసలితనంలో పక్క తడిపేవారికి ఏ పరీక్షలు చేస్తామో దానికీ దాదాపు అవే చేయాలి. కుక్క నీళ్ళు మామూలు కంటే ఎక్కువ తాగుతున్నదా, ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తున్నదా, రంగు మారిందా అని రెండు రోజులు గమనించి, ఉదయం మొదటి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టుకొని పశువైద్యుని దగ్గరకు వెళ్ళండి. చుక్క కూడా రాకుండా ముక్కుతుంటే మాత్రం మర్నాటి ఉదయం దాకా ఆగవద్దు.