ముంబై చూడబోతున్నారా? పిల్లలకు, తల్లిదండ్రులకు కొన్ని వివరాలు

సెలవులు రాగానే చాలా ఇళ్లలో ముంబై మాట వస్తుంది. అది మన రాష్ట్ర రాజధాని, అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న మహానగరం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 1 కోటి 24 లక్షల మంది ఉన్నారు. అంత పెద్ద ఊరు చూస్తే మొదట కొంచెం భయం వేస్తుంది. కానీ అది మనకు పరాయి ఊరు కాదు. దాన్ని కట్టిన చేతుల్లో తెలుగువాళ్ల చేతులు కూడా ఉన్నాయి.

ఎలా ఏర్పడింది?

ఒకప్పుడు ముంబై అంటే ఏడు చిన్న దీవులు. 1661లో పోర్చుగీసు రాకుమారి పెళ్లి కట్నంగా ఇంగ్లండు రాజుకు దక్కాయి. 1668లో ఆయన వాటిని ఏడాదికి 10 పౌండ్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. తర్వాత దీవుల మధ్య నీళ్లకు కట్టలు వేసి, మట్టి నింపి ఒకే నేలగా చేశారు. 1853 ఏప్రిల్ 16న దేశంలో మొదటి ప్రయాణికుల రైలు ఇక్కడి బోరీబందర్ నుంచి ఠాణేకు నడిచింది.

మనవాళ్ల జాడ

ఈ కట్టలు, రోడ్లు, భవనాల పనికి 18వ శతాబ్దం చివరి నుంచే నిజాం రాజ్యంలోని తెలుగు కూలీలు పోయారు. వాళ్లను అక్కడ 'కామాఠీలు' అన్నారు. వాళ్లున్న పేటే కామాఠిపుర. తర్వాతి కాలంలో ఆ పేటకు వచ్చిన చెడ్డపేరు వల్ల అసలు అర్థం మరుగున పడింది. అది కష్టజీవుల పేరు, సిగ్గుపడాల్సింది కాదు. మన నాందేడ్ జిల్లా కూడా అప్పుడు నిజాం ఏలుబడిలోనే ఉండేది, 1956లోనే బొంబాయి రాష్ట్రంలో కలిసింది.

కూలీలుగా పోయినవాళ్లలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. వ్యంకూ కాళేవార్, జాయా కరాడీ లింగు వంటివాళ్లు మహాత్మా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. తర్వాత బట్టల మిల్లులు వచ్చాక పద్మశాలీ కుటుంబాలు వర్లీ, పరేల్ వైపు స్థిరపడ్డాయి. 1982లో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత చాలా మిల్లులు తెరుచుకోలేదు. దాంతో ఎన్నో తెలుగు ఇళ్లు కూడా చితికిపోయాయి. అయినా దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. ముంబై మహానగరపాలిక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మీలాగే తెలుగులో చదివే పిల్లలు అక్కడా ఉన్నారన్నమాట.

ఏమేం చూడాలి?

• ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్: 1878లో కట్టడం మొదలుపెట్టారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రైలు దిగి హడావుడిగా పోకుండా, బయటికి వచ్చి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.
• గేట్‌వే ఆఫ్ ఇండియా: 1924లో పూర్తయింది. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ దళం దీని గుండానే వెళ్లిపోయింది.
• ఎలిఫెంటా గుహలు: గేట్‌వే దగ్గర పడవ ఎక్కితే సుమారు గంట. మూడు ముఖాల శివుడి విగ్రహం తప్పక చూడాలి. సోమవారం మూసి ఉంటుంది.
• మెరైన్ డ్రైవ్, గిర్‌గావ్ చౌపాటీ: సాయంత్రం పూట పోతే బాగుంటుంది.

ఎలా పోవాలి? ఎట్లా తిరగాలి?

నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ మన హిమాయత్‌నగర్ మీదుగానే ముంబైకి పోతుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందే స్టేషన్‌లో అడగండి. నగరంలో లోకల్ రైళ్లే ప్రాణం. స్టేషన్ బోర్డులు మరాఠీలో ఉంటాయి. మన పిల్లలు మరాఠీ చదవగలరు, కాబట్టి దారి వెతికే పని వాళ్లకే అప్పజెప్పండి.

జాగ్రత్తలు

పొద్దున 8 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 8 వరకు సామాన్లతో, పిల్లలతో లోకల్ ఎక్కకండి. తలుపు దగ్గర నిలబడొద్దు, పట్టాలు దాటొద్దు, వంతెన ఎక్కే పోవాలి. పిల్లల జేబులో పెద్దవాళ్ల ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. ఎవరైనా తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వానలు గట్టిగా పడతాయి. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులోనే 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ రోజుల్లో సముద్రం పోటు మీద ఉంటే ఒడ్డుకు దగ్గరగా పోవద్దు. మెరైన్ డ్రైవ్ గోడ అవతలి సిమెంటు దిమ్మల మీదికి ఏ కాలంలోనూ దిగొద్దు, అవి జారుతాయి. మనది సముద్రం లేని ప్రాంతం, పిల్లలకు అలల బలం తెలియదు. చెయ్యి వదలకండి.

పిల్లలూ, వడాపావ్ తినండి, ఫోటోలు దిగండి. తెలుగు మాట ఎక్కడైనా చెవిన పడితే ఆగి పలకరించండి. వాళ్ల పెద్దలు ఏ ఊరి నుంచి, ఏ పనికి వచ్చారో అడగండి. వాళ్లు చెప్పింది తిరిగొచ్చాక నోటుబుక్కులో రాసుకోండి.