ధరల అదుపు ఎవరి పక్షం? పేటెంట్ వాదానికి అందని మందుల ధరలు

తెలుగులో మందుల ధరలపై వచ్చిన వ్యాసాలు చాలావరకు పేటెంట్ దగ్గర మొదలై పేటెంట్ దగ్గరే ముగుస్తాయి. 2005 నాటి పేటెంట్ల సవరణ చట్టం, క్యాన్సర్ మందు నెక్సావర్‌పై 2012లో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దక్కిన తప్పనిసరి లైసెన్సు, నోవార్టిస్ కేసులో 2013 ఏప్రిల్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు: ఈ మూడూ దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఉంటాయి. జిల్లా ఆసుపత్రుల ఎదుట ఉన్న మెడికల్ షాపుల్లో మందుల చీటీలు చూస్తున్నప్పుడు నాకు కలిగిన అనుమానం వేరు. ఆ చీటీల్లో ఎక్కువగా ఉన్నవి బీపీ, షుగర్, ఫిట్స్ మందులు. వాటిలో చాలావాటి పేటెంట్లు ఏనాడో తీరిపోయాయి. అయినా ఏప్రిల్ దాటాక వచ్చే కొత్త స్టాకు మీద కొత్త రేటు ఎందుకుంటోంది?

ప్రొడక్ట్ పేటెంట్లతో బహుళజాతి కంపెనీల గుత్తాధిపత్యం తిరిగొస్తోందని ఆర్థికవేత్త సుదీప్ చౌధురి 2012లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వాదించారు. క్యాన్సర్ మందుల వరకు ఆ వాదన నిలుస్తుంది. నెక్సావర్ నెల కోర్సు రూ. 2,80,428 ఉండగా నాట్కో మందుకు రూ. 8,880 గరిష్ఠ ధర నిర్ణయమైంది. కానీ ఆ సూత్రాన్నే మన పరిశోధకులు మందులన్నిటికీ వర్తింపజేశారు. పేటెంటే లేని మాత్ర ధర పెరిగితే ఆ సూత్రం దగ్గర జవాబు లేదు. జవాబు 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వులో ఉంది.

1995 ఉత్తర్వు తయారీ ఖర్చును లెక్కగట్టి, దానిపై గరిష్ఠంగా 100 శాతం కలుపుకోనిచ్చేది. 2013 ఉత్తర్వు ఖర్చు ఊసే ఎత్తదు. మార్కెట్లో ఒక శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి రిటైలర్ మార్జిన్‌గా 16 శాతం కలిపితే అదే గరిష్ఠ ధర. ఇది అమ్మకాల పరిమాణంతో నిమిత్తం లేని సాదా సగటు. మూడు బ్రాండ్ల ధరలు 10, 12, 50 రూపాయలనుకుంటే సగటు 24. యాభై రూపాయల బ్రాండ్ అమ్మకాలు ఎంత తక్కువైనా లెక్కలో దాని బరువు తగ్గదు. చవక బ్రాండ్లు తమ పాత ధర దాటకూడదన్న నిబంధన ఉన్నా, కొత్తగా వచ్చే బ్రాండుకు ఆ అడ్డు లేదు.

ఇక ఏటా పెంపు. షెడ్యూలు మందుల, అంటే నియంత్రణ జాబితాలోని మందుల గరిష్ఠ ధర టోకు ధరల సూచీని బట్టి కదులుతుంది. ఆ సూచీలో ఇంధనం, లోహాలు, వంటనూనెలు అన్నీ ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో 10.76607 శాతం, 2023 ఏప్రిల్‌లో 12.1218 శాతం పెంచుకోవచ్చన్నారు. అంటే 100 రూపాయల మందు రెండేళ్లలో 124 దాటవచ్చు. నియంత్రణ లేని మందులకు ఏడాదికి 10 శాతమే పరిమితి కాబట్టి, అదే కాలంలో అవి 121 దాటకూడదు. అదుపులో ఉన్న మందుకే ఎక్కువ పెంపు! 2024లో పెంపు 0.00551 శాతమే అన్నది నిజమే గాని, అది పెరిగిన ధర మీద వచ్చిన అంకె.

అసలు గుట్టు 2013 ఉత్తర్వులోని పేరా 19లో ఉంది. ప్రజాప్రయోజనం పేరుతో ధరను మార్చే అసాధారణ అధికారం అది. దాని కింద 2019లో 21 ఫార్ములేషన్లకు, 2021లో కార్బమజెపైన్, రానిటిడిన్, ఐబుప్రొఫెన్ ఫార్ములేషన్లకు, 2024 అక్టోబరులో ఎనిమిది మందులకు చెందిన 11 ఫార్ములేషన్లకు 50 శాతం చొప్పున పెంచారు. చివరి జాబితాలో బెంజైల్ పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్, సాల్బుటమాల్, లిథియంతో పాటు అట్రోపిన్ ఇంజెక్షన్ కూడా ఉంది. పురుగుమందు తాగిన రైతును ఆసుపత్రికి తెస్తే డాక్టరు మొదట అడిగేది అట్రోపిన్నే. ఆ ఇంజెక్షన్ ఒకటి రెండుతో సరిపోదు, విషం విరిగేదాకా ఇస్తూనే ఉండాలి. పెంపునకు చూపిన కారణం: ముడిసరుకు ఖర్చు పెరిగింది, గిట్టుబాటు కాక కంపెనీలు తయారీ మానేస్తామంటున్నాయి. అంటే కంపెనీ నష్టపోతే ఖర్చు లెక్కకొస్తుంది, రోగి నష్టపోతే మార్కెట్ సగటు లెక్కకొస్తుంది. ఇదే పేరా కింద 2017లో మోకాలి ఇంప్లాంట్లకు, 2019లో 42 క్యాన్సర్ మందుల వర్తక మార్జిన్లకు పరిమితి పెట్టారు, అవి మినహాయింపులు.

కనుక పేటెంట్ లేని అత్యవసర మందు భారం కావడానికి మూలం గుత్తాధిపత్యం కాదు, ప్రభుత్వమే రాసిన లెక్క. ఆ లెక్కలో మందు అసలు ఖర్చుకు చోటు లేకుండా పోయింది. రోగుల కుటుంబాలు అప్పులపాలు కావడానికి ఉన్న కారణాల్లో ఈ లోటు కూడా ఒకటి. ధరలను మళ్లీ తయారీ ఖర్చు మీదే నిర్ణయించాలి, ఆ ఖర్చుల లెక్కను బహిరంగంగా ప్రకటించాలి. అంతవరకు 2013 ఉత్తర్వును ధరల నియంత్రణ అని పిలవడం తగదు.