ఫిజీ సైనిక దళాల కమాండర్

ఫిజీ గణతంత్ర సైనిక దళాల అత్యున్నత అధికారిని కమాండర్ అంటారు. దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలో మూడు వందలకు పైగా దీవులతో ఉన్న ఈ దేశ జనాభా 2017 లెక్కల ప్రకారం 8,84,887. పదాతి దళం, ఇంజనీర్లు, 1975లో ఏర్పడిన నౌకా విభాగం ఇక్కడ వేర్వేరు సైన్యాలు కావు. దాదాపు మూడున్నర వేల మంది సైనికులూ ఒక్క కమాండర్ కిందే పనిచేస్తారు. రాజధాని సువాలో, నబువా దగ్గరున్న క్వీన్ ఎలిజబెత్ బ్యారక్స్ ఆయన కేంద్రం. పదాతి దళం నుంచి వస్తే బ్రిగేడియర్ జనరల్ లేదా మేజర్ జనరల్, నౌకా విభాగం నుంచి వస్తే కమడోర్ లేదా రియర్ అడ్మిరల్ హోదా ఉంటుంది.

2013 రాజ్యాంగం ప్రకారం సర్వసైన్యాధ్యక్షుడు దేశాధ్యక్షుడే అయినా, ఆ బాధ్యత లాంఛనప్రాయం. రాజ్యాంగ పదవుల కమిషన్ సలహా మీద, సంబంధిత మంత్రిని సంప్రదించాక, అధ్యక్షుడు కమాండర్‌ను నియమిస్తాడు. ఆ తర్వాత సైన్యంలో నియామకాలు, పదోన్నతులు, క్రమశిక్షణ చర్యలు, తొలగింపులు కమాండర్ చేతిలోనే ఉంటాయి. ఇంతవరకు ఇందులో పెద్ద వింత లేదు. అసలు చిక్కంతా 131వ సెక్షన్‌లోని ఒక నిబంధనతో వస్తుంది. దేశ భద్రత, రక్షణలతో పాటు దేశ ప్రజలందరి క్షేమాన్నీ ఎల్లవేళలా చూసుకునే మొత్తం బాధ్యత సైన్యానిదేనని అది చెబుతుంది. సరిహద్దు రక్షణకు హద్దులుంటాయి కానీ ప్రజాక్షేమానికి హద్దు ఎక్కడ? ధరలు పెరిగినా, చట్టసభలో వివాదాస్పదమైన బిల్లు పెట్టినా, ఎన్నికల ఫలితం నచ్చకపోయినా అది క్షేమానికి సంబంధించినదేనని వాదించవచ్చు. 1990 రాజ్యాంగంలోనూ ఇలాంటి నిబంధనే ఉండేది. ఫిజీ ఆధునిక చరిత్రలో చాలా భాగం ఈ బాధ్యతను ఏ కమాండర్ ఎలా అర్థం చేసుకున్నాడన్న దానిమీద నడిచింది.

ఫిజీ 1970లో బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది. ఆ దేశంలోనే పుట్టిన అధికారి మొదటిసారి కమాండర్ అయింది 1974లో, పాల్ మనువేలీతో. 1978లో లెబనాన్‌లోని ఐక్యరాజ్యసమితి శాంతి దళానికీ, 1982లో సినాయ్‌లోని బహుళజాతి దళానికీ ఫిజీ సైనికులను పంపడం మొదలుపెట్టాక సైన్యం బాగా పెరిగింది. దేశంలో యుద్ధం లేదు, పొరుగున శత్రువూ లేడు. అయినా అనుభవం గడించిన సైనికులు, జీతం కోసం విదేశీ విధుల మీద ఆధారపడిన కుటుంబాలు, వాళ్లందరి మీద పట్టున్న ఒక అధికారి తయారయ్యారు. కమాండర్ దేశ రాజకీయాల్లో పలుకుబడి గల మనిషి కావడానికి దూరదేశాల శాంతి పరిరక్షణే ఒక ముఖ్య కారణం.

1987 ఏప్రిల్‌లో తిమోసి బవద్ర ప్రధానిగా, భారత సంతతి ప్రజల మద్దతు ఎక్కువగా ఉన్న ప్రభుత్వం వచ్చింది. మే 14న అప్పటి కమాండర్ ఎపెలి నైలతికౌ ఆస్ట్రేలియాలో ఉన్నారు. సైన్యంలో మూడో స్థానంలో ఉన్న లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రబుకా ఆ ఉదయం పార్లమెంటు సందర్శకుల గ్యాలరీలో మామూలు దుస్తుల్లో కూర్చున్నారు. గ్యాస్ మాస్కులు తొడుక్కున్న సాయుధ సైనికులు సభలోకి వచ్చి, ప్రధానితో సహా అధికార పక్ష సభ్యులను బయటికి నడిపించి తీసుకుపోయారు. రబుకా త్వరలోనే కమాండర్ అయ్యారు. సెప్టెంబరు 25న రెండోసారి తిరుగుబాటు చేసి, అక్టోబరులో గణతంత్రాన్ని ప్రకటించారు.

ఈ దెబ్బ తగిలినవాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లి, చెరకు తోటల్లో పనిచేసిన తెలుగువారి సంతతి అక్కడ స్థిరపడింది. 1986లో జనాభాలో 48.7 శాతం ఉన్న భారత సంతతి 2007 నాటికి 37.5 శాతానికి తగ్గింది. వేలాది మంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు వెళ్లిపోయారు. తుపాకి పట్టినవాళ్లలో దాదాపు అందరూ స్థానిక ఈతౌకేయి జాతివారే కావడం వాళ్ల భయాన్ని మరింత పెంచింది.

1999లో కమాండర్ అయిన నౌకాదళ అధికారి ఫ్రాంక్ బైనిమరామ కథ వేరు. 2000 మే 19న జార్జ్ స్పైట్ ముఠా తొలి భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌధరినీ, ఆయన సహచరులనూ పార్లమెంటులో బంధించింది. ఆ నిర్బంధం 56 రోజులు సాగింది. మే 29న బైనిమరామ సైనిక శాసనం ప్రకటించి అధికారం చేపట్టారు. తర్వాత లైసేనియా కరాసే నాయకత్వంలో తాత్కాలిక పౌర ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశారు. స్పైట్ జైలుపాలయ్యాడు. అదే ఏడాది నవంబరు 2న, కమాండర్ భోజనం చేస్తున్న వేళ బ్యారక్స్‌లోనే కొందరు సైనికులు తిరగబడ్డారు. ఆయన బ్యారక్స్ వెనక ఉన్న లోయలోకి దిగి, కర్రపెండలం మొక్కల మధ్యగా తప్పించుకున్నారు. ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. తన సైన్యమే తనను చంపబోయిన అనుభవం తర్వాత, 2000 నాటి నేరస్థులకు క్షమాభిక్ష అన్న మాట వింటేనే ఆయన మండిపడేవారు. కరాసే ప్రభుత్వం సరిగ్గా అలాంటి వీలు కల్పించే బిల్లు తేవడంతో వైరం ముదిరింది.

2006 అక్టోబరు చివర, మధ్యప్రాచ్యంలోని ఫిజీ సైనికులను చూడటానికి బైనిమరామ వెళ్లినప్పుడు, ప్రభుత్వం మరో అధికారిని కమాండర్ పదవిలో కూర్చోబెట్టాలని చూసింది. ఆ అధికారి ఒప్పుకోలేదు. చట్టం ఎవరి పక్షాన ఉన్నా సైన్యం ఎవరి మాట వింటుందో దేశానికంతా తెలిసిపోయింది. డిసెంబరు 5న బైనిమరామ ప్రభుత్వాన్ని కూల్చి, 2007 జనవరిలో ప్రధాని అయ్యారు. కమాండర్ పదవిని మాత్రం 2014 మార్చి దాకా వదల్లేదు. 2009 ఏప్రిల్ 9న అప్పీలు కోర్టు ఆ ప్రభుత్వం చట్టవిరుద్ధమని తేల్చగా, మర్నాడే అధ్యక్షుడు రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. జాతుల తేడా లేకుండా అందరికీ సమాన పౌరసత్వం అన్నది బైనిమరామ చెప్పిన లక్ష్యం. భారత సంతతిలో చాలామంది దాన్ని మనసారా స్వాగతించారు కూడా. కానీ ఎంత మంచి లక్ష్యమైనా, ఓటును పక్కకు నెట్టి తెచ్చింది కాబట్టి ఆ మచ్చ పోదు.

ఈ పదవికి దేశం బయట మరో ముఖం ఉంది. 2014 ఆగస్టులో గోలాన్ కొండల్లో ఐరాస విధుల్లో ఉన్న 45 మంది ఫిజీ సైనికులను సిరియాకు చెందిన నుస్రా ఫ్రంట్ బంధించింది. వాళ్ల కుటుంబాలకూ దేశానికీ పరిస్థితి వివరించే బాధ్యత కమాండర్ మోసేసే తికోయితోగ మీద పడింది. సెప్టెంబరు 11న అందరూ ప్రాణాలతో విడుదలయ్యారు. తికోయితోగ తర్వాత 2015లో విలియామె నౌపోతో, 2021లో జోనె కలౌనివాయ్ కమాండర్లయ్యారు.

2022 డిసెంబరు ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. పొత్తుల బేరాలు సాగుతుండగా, పోలీసులకు తోడుగా సైన్యాన్ని దించుతున్నట్టు ప్రకటన వెలువడింది. పాత రోజులు మళ్లీ వస్తాయని జనం జంకారు. రాజ్యాంగానికి, ఎన్నికల ప్రక్రియకు కట్టుబడి ఉంటామన్న తన మాటను కలౌనివాయ్ నిలబెట్టుకున్నారు. డిసెంబరు 24న పార్లమెంటు 28-27 ఓట్లతో రబుకాను ప్రధానిగా ఎన్నుకుంది. 1987లో సభను ఖాళీ చేయించిన మనిషే ఈసారి సభ ఓటుతో పదవిలోకి వచ్చారు. 2023 మేలో గిర్మిట్ సంతతికి ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

అయితే అంతకు ముందే, 2023 జనవరిలో, కొత్త ప్రభుత్వం మార్పులు తెస్తున్న వేగం మీద కలౌనివాయ్ ఆందోళన వెలిబుచ్చుతూ ప్రకటన చేశారు. సైన్యం పాత్రను చెప్పే రాజ్యాంగ నిబంధననే ఆధారంగా చూపారు. హోం మంత్రి పియో తికోదువాదువా, ఆయన కూడా మాజీ సైనికాధికారే, కమాండర్‌తో మాట్లాడారు. సైన్యం ప్రభుత్వానికి లోబడే ఉంటుందన్న హామీతో ఆ వ్యవహారం అక్కడితో ఆగింది. సైనికులు బ్యారక్స్ దాటలేదు.