క్రియ వెంట నడిచే చిన్న మాట

ఇంగ్లీషు నేర్చుకొనే మన విద్యార్థిని చిక్కులలో పెట్టేవి పెద్ద మాటలు కావు. ‘ఎక్స్‌టింగ్విష్’, ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’ వంటి బరువైన మాటలను అతడు నిఘంటువు చూచి కంఠస్థం చేస్తాడు. చోటు దొరికినప్పుడు ధైర్యంగా ప్రయోగిస్తాడు కూడాను. అదే అర్థంలో ఇంగ్లీషు వారి యిళ్ళలో పసిపిల్లలు సైతం పలికే ‘పుట్ అవుట్’, ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’ అనే పదబంధాల దగ్గర తడబడుతాడు. ‘పుట్’ అనగా పెట్టుట, ‘అవుట్’ అనగా బయట అని తెలిసినంత మాత్రాన ఆ రెండూ కలిస్తే దీపమార్పుట అని ఎవరికి స్ఫురిస్తుంది? ఒక క్రియ, దాని వెంట ఒక చిన్న మాట: ఆ కలయికలో మూడవ అర్థమొకటి పుట్టుకొని వస్తున్నది. ఈ వింతకు వెనుక వెయ్యేండ్ల చరిత్ర ఉన్నది.

ఇట్టి కలయిక మన పెద్దలు ఎరుగనిది కాదు. సంస్కృతంలో ‘హృ’ ధాతువు ఒక్కటే. దాని ముందు ఉపసర్గ మారిన కొద్దీ ఆహారము, విహారము, సంహారము, పరిహారము అని అర్థం ఎక్కడి నుండి ఎక్కడికో పోతుంది. వేదభాషలో ఈ ఉపసర్గలు క్రియకు దూరంగా, స్వతంత్రంగా కూడా నిలువగలిగేవి. తరువాతి సంస్కృతంలో అవి ధాతువును అంటిపెట్టుకొని దాని ముందే స్థిరపడినవి.

ఇంగ్లీషు నడక ఇందుకు విపర్యయం. ప్రాచీనాంగ్లంలో క్రియ ముందు అతుక్కొనే ఉపసర్గలు విస్తారంగా ఉండేవి. ‘ఫర్‌గివ్’, ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’ అనే మాటలు ఆ కాలపు గుర్తులు. 9వ శతాబ్దం నుండి ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా వారి భాష ప్రభావం కొంత, లోపల భాషలోనే జరిగిన మార్పు కొంత కలిసి, ఉపసర్గల బలం క్రమంగా సన్నగిల్లినది. వాటి పనిని క్రియకు వెనుక విడిగా నిలిచే ‘అప్’, ‘అవుట్’, ‘ఆఫ్’, ‘అవే’ వంటి క్రియావిశేషణాలు అందుకొన్నవి. సంస్కృతంలో విడిగా ఉన్నది అతుక్కొన్నది. ఇంగ్లీషులో అతుక్కొన్నది విడిపోయినది.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆ దేశపు మాటలలో రెండు అంతస్తులు ఏర్పడినవి. కొలువులోను, న్యాయస్థానంలోను ఫ్రెంచి మాటలు, పండితుల గ్రంథాలలో లాటిను మాటలు పెద్ద పీట వేసుకొన్నవి. ‘గెట్’, ‘పుట్’, ‘టేక్’, ‘గో’ అనే పొట్టి క్రియలు తమ చిన్న మాటలను వెంటబెట్టుకొని వంటయింట, పొలంలో, వీధిలో తిరుగుతూ వచ్చినవి. 1755లో తన మహానిఘంటువును వెలువరించిన సామ్యూల్ జాన్సన్, పరభాషీయులకు మిక్కిలి కష్టమైనది ఈ కలయికయే అని దాని పీఠికలో గుర్తించినాడు. అయినా దానికి నిలకడగా ఒక పేరు చాలా కాలం లేకపోయినది. నేడు వ్యాకరణాలలో కనబడే ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరును 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన గ్రంథంలో వాడి ప్రచారంలోకి తెచ్చినాడు. దానిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ.

మరి మన దేశానికి వచ్చినది ఈ రెండింటిలో ఏ ఇంగ్లీషు? 1835 నాటి మెకాలే నివేదిక, 1854 నాటి వుడ్ విద్యాపత్రం, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన: ఈ దారిన వచ్చినది కచ్చేరీ ఇంగ్లీషు, గ్రంథాల ఇంగ్లీషు. కృష్ణ ఒడ్డున కొల్లూరులోనో, రేపల్లె బాపట్లలలోనో పెరిగిన విద్యార్థి ఇంగ్లీషును కంటితో చదివినది ఎక్కువ, చెవితో విన్నది తక్కువ. కనుకనే అతనికి పై అంతస్తు పరిచయమైనంతగా క్రింది అంతస్తు పరిచయం కాలేదు. ఇది తెలివి తక్కువ కాదు. వచ్చిన దారి అటువంటిది.

అయితే ఇంగ్లీషు వాడు చిన్న మాటతో చేసే పనిని మనము దేనితో చేస్తాము? తెలుగు ఇందుకు రెండవ క్రియను తెచ్చుకొంటుంది. ‘ఈట్ అప్’ అన్న చోట తినివేయుట, ‘రన్ అవే’ అన్న చోట పారిపోవుట, ‘గివ్ అప్’ అన్న చోట విడిచిపెట్టుట, ‘ఫైండ్ అవుట్’ అన్న చోట కనుగొనుట, ‘లుక్ ఆఫ్టర్’ అన్న చోట చూచుకొనుట. కొల్లూరు రైతు కాలువకు నీరు రాక చేను ఎండిపోయినదని అంటే ఆ చేను ఎక్కడికీ పోలేదు. రహస్యం చెప్పివేసినాడంటే అక్కడ దేనినీ వేయలేదు. పోవుట, వేయుట, పెట్టుట, కొనుట అనే క్రియలు తమ సొంత అర్థాన్ని చాలావరకు వదలుకొని, పని పూర్తి అయినదనో, తనకై చేసుకొన్నదనో తెలుపుతున్నవి. ‘డ్రై అప్’ అన్నప్పుడు ‘అప్’ చేసే పని అదే. ‘అప్’ అనగా పైకి గదా, ఎండుటలో పైకి ఏమిటి అని అడిగే విద్యార్థిని, ఎండిపోవుటలో పోవుట ఏమిటి నాయనా అని తిరిగి అడుగవచ్చును. అప్పుడతనికి చిక్కు సగం విడుతుంది.

ఇక ఇంగ్లీషులో నామానికి ముందు నిలిచే మాటలు, మనకు నామం వెనుక నిలిచే విభక్తులు. ‘ఫ్రమ్ కొల్లూరు టు తెనాలి’ అని వారు అంటే, కొల్లూరు నుండి తెనాలికి అని మనము అంటాము. స్థానం తారుమారైనంత మాత్రాన చిక్కు లేదు; ఏ క్రియ ఏ విభక్తిని కోరుతుందనే చోటనే ఉన్నది. మన పిల్లలు ‘డిస్కస్ అబౌట్’ అని వ్రాస్తే ఉపాధ్యాయుడు ఎఱ్ఱ సిరాతో కొట్టివేస్తాడు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని విప్పి చూడండి. ‘గురించి’ అనేది అక్కడ ద్వితీయా విభక్తి ప్రత్యయాలలో ఒకటి. ఆ సంగతిని గురించి చర్చించినారనడం మనకు కర్మను చెప్పడమే. పిల్లవాడు తప్పింది ఇంగ్లీషు వ్యాకరణాన్ని. తెలుగు వ్యాకరణాన్ని అతడు నమ్మకంగానే పాటించినాడు. ‘నా మీద కోపం’ అనే అలవాటు చేతనే ‘యాంగ్రీ ఆన్ మీ’ అంటాడు. ‘నా మాట విను’ అనే అలవాటు చేతనే ‘టు’ విడిచి ‘లిజన్ మీ’ అంటాడు.

ఈ చిన్న మాటలలో ఏది క్రియకు చెందినది, ఏది నామానికి చెందినది అని తెలుసుకొనుటకు సులువైన పరీక్ష ఒకటి ఉన్నది. నామానికి బదులు సర్వనామం పెట్టి చూడవలెను. నిఘంటువులో మాట వెదకుట అనే అర్థంలో ‘లుక్ అప్ ద వర్డ్’ అన్నది ‘లుక్ ఇట్ అప్’ అవుతుంది. సర్వనామం నడుమకు వచ్చినది గనుక ‘అప్’ క్రియావిశేషణం. ‘లుక్ ఆఫ్టర్ ద చైల్డ్’ అన్నది ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అవుతుంది. ‘ఆఫ్టర్’ స్థానం కదలలేదు గనుక అది నామాన్ని పట్టుకొన్న విభక్తి వంటిది. ‘పుట్ అప్ విత్’ అన్న చోట రెండూ ఉన్నవి: ‘అప్’ క్రియకు, ‘విత్’ నామానికి.

ఈ భారాన్ని తగ్గించుటకు 20వ శతాబ్దంలో రెండు ప్రయత్నాలు జరిగినవి. 1930లో సి. కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ అనే పద్ధతిని ప్రకటించినాడు. అందులో క్రియలు 18 మాత్రమే. తక్కినదంతా వాటికి చిన్న మాటలను జతచేసి సాధించవలెను. పట్టిక పొట్టిదే గాని, ‘గివ్’, ‘అప్’ అనే రెండు మాటలు నేర్చినవాడు ‘గివ్ అప్’ను మళ్ళీ మూడవ మాటగా నేర్వక తప్పదు. బరువు తగ్గలేదు, లెక్కలో నుండి తప్పుకొన్నది. రెండవ దారి ఎ. ఎస్. హార్న్‌బీది. 1942లో టోక్యోలో అచ్చయిన నిఘంటువులో ఆయన, తోటి సంపాదకులు క్రియలకు అర్థంతో తృప్తిపడక, ఏ క్రియ ఎట్టి వాక్యంలో ఇముడుతుందో కూడా చూపినారు. 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయం దానిని ప్రచురించిన తరువాత అది లోకమంతటా వ్యాపించినది.

మన తెలుగు నేలపై 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల విద్యాసంస్థ ఏర్పడినది. ఉపాధ్యాయులకు ఇంగ్లీషు బోధనలో శిక్షణ ఇచ్చుట దాని ముఖ్యోద్దేశం. 1972లో విదేశీ భాషలు కూడా దాని పేరులో చేరినవి. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది.

ఇన్ని జరిగినా పరీక్షాపత్రంలో ఖాళీలు పూరించే ప్రశ్న మాత్రం పల్లె విద్యార్థిని భయపెడుతూనే ఉన్నది. ఆ ఖాళీలో పెట్టవలసిన రెండక్షరాల మాట కోసం వాడు పోగొట్టుకొనే మార్కులు ఒక్కొక్కప్పుడు వాడి చదువు దారినే మార్చివేస్తవి. క్రియను ఒకనాడు, చిన్న మాటను మరొకనాడు విడివిడిగా వల్లె వేయిస్తే ఈ భయం పోదు. రెండింటినీ ఒకే వాక్యంలో, ఒకే ఊపిరిలో వినిపించవలెను. పారిపోవుట అనే మాటను మనలో ఎవరమూ పారుట, పోవుట అని విడదీసి నేర్వలేదు. పెద్దలు అనగా విన్నాము, అన్నాము. రేడియో ఉన్న ఇంట ఇంగ్లీషు వార్తలు, ప్రసంగాలు రోజూ వినబడుతవి. దినానికి ఒక్క పదబంధాన్ని పట్టుకొని, అది విన్న వాక్యంతో సహా పిల్లలచేత పలికించండి. కన్ను వెయ్యి పుటలలో నేర్పలేనిది చెవి ఒక్క ఏడాదిలో నేర్పుతుంది.