ఈమెయిల్ ప్రోగ్రాముల్లో వెబ్ ఫీడ్లు

వెబ్‌సైట్లలో కొత్తగా ఏం వచ్చిందో వాటిని తెరవకుండానే, మెయిళ్లు చదువుకునే చోటే చూసుకునే ఏర్పాటు ఇది. చూడ్డానికి మెయిల్‌లాగే ఉంటుంది గానీ ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ పంపరు. సైటు తన తాజా శీర్షికలు, లింకులు, తేదీలను ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో పెడుతుంది. మెయిల్ ప్రోగ్రామే అప్పుడప్పుడు వెళ్లి ఆ ఫైలు తెచ్చుకుని, ఒక్కో అంశాన్నీ ఒక్కో మెయిల్‌గా ఫోల్డర్లో వేస్తుంది. చందాదారుడు తన చిరునామా ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. వద్దనుకుంటే ఫీడు తీసేస్తే సరి.

1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ తన పోర్టల్ కోసం ఇలాంటి ఫైలు రాసే పద్ధతిని ఆర్ఎస్ఎస్ 0.90 పేరుతో విడుదల చేసింది. రూపకర్తలు డాన్ లిబ్బీ, ఐఐటీ మద్రాసులో చదివిన రామనాథన్ గుహ. నెట్‌స్కేప్ త్వరలోనే దాన్ని వదిలేయడంతో వారసత్వ తగాదా మొదలైంది. ఒక బృందం 2000లో 1.0 తెచ్చింది. ప్రోగ్రామర్ డేవ్ వైనర్ వేరే దారిలో నడిచి 2002లో 2.0 తెచ్చారు. అంకెలు చూసి రెండోది మొదటిదాని కొనసాగింపు అనుకోకూడదు. 2005 డిసెంబరులో ఆటమ్ అనే మూడో పద్ధతి ప్రమాణంగా వెలువడింది. మెయిల్ ప్రోగ్రాములు ఈ గొడవలో తలదూర్చకుండా అన్నిటినీ చదవడం నేర్చుకున్నాయి. అదే తెలివైన పని.

యూజ్‌నెట్ అనే పాత చర్చావేదికలోని చర్చలను మెయిల్ పక్కనే చదివే అలవాటు నెట్‌స్కేప్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వాడినవారికి అప్పటికే ఉంది. కాబట్టి ఫీడ్లకు కొత్త తెర గీయాల్సిన పని పడలేదు. ఔట్‌లుక్‌కు ఈ సౌకర్యాన్ని 2003లో న్యూస్‌గేటర్ అనే అనుబంధ ప్రోగ్రాము అందించింది. 2004లో ఒపెరా, థండర్‌బర్డ్ సొంతంగా సమకూర్చుకున్నాయి. ఔట్‌లుక్ 2007లోనూ, అదే ఏడాది ఆపిల్ మెయిల్‌లోనూ ఇది చేరింది. ఏ మెయిల్ ప్రోగ్రాము వాడేవారికైనా పనికొచ్చేలా ప్రోగ్రామర్ ఆరన్ స్వార్ట్జ్ ఫీడు అంశాలను నిజమైన మెయిళ్లుగా మార్చి పంపే 'ఆర్ఎస్ఎస్‌టుఈమెయిల్' రాశారు.

చదివేసిన అంశం మళ్లీ రాకుండా చూసేది దానికి తగిలించిన గుర్తింపు సంకేతం. సైటువాళ్లు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఆ సంకేతాలు మారిపోతే, ఎప్పటివో పాత వ్యాసాలు కొత్తవాటిలా మందమైన అక్షరాలతో, చదవనివిగా ఒక్కసారి వచ్చిపడతాయి. తప్పు మెయిల్ ప్రోగ్రాముది కాకపోయినా తిట్లు దానికే.

బ్లాగర్, వర్డ్‌ప్రెస్ ప్రతి బ్లాగుకూ ఫీడు తయారుచేసి ఇవ్వడం తెలుగువారికీ కలిసొచ్చింది. తెలుగు బ్లాగులను ఒకచోట చూపిన కూడలి, జల్లెడ ఈ ఫీడ్ల మీదే నడిచాయి.

2012లో ఆపిల్ తన మెయిల్ నుంచి ఫీడ్లను తీసేసింది. 2013 జులై 1న ఫీడ్లు చదువుకునే వెబ్ సేవ గూగుల్ రీడర్ మూతపడింది. ఫీడ్లను మెయిల్‌గా పంపే ఫీడ్‌బర్నర్ సేవ 2021లో ఆగిపోయింది. థండర్‌బర్డ్ మాత్రం ఫీడ్లను వదల్లేదు. అందులో ఫీడ్ ఖాతా తెరిచి, సైటు ఫీడు చిరునామా అతికిస్తే చాలు.