సముద్రం వచ్చినది, పోయినది

మా మార్కాపురం, గిద్దలూరు సీమలకు సముద్రం 1970లో వచ్చినది. చదువరులు నవ్వవచ్చును గాని, చరిత్ర అదియే. అంతకు పూర్వం ఈ తాలూకాలు తీరమే లేని కర్నూలు జిల్లాలోనివి. ఆ యేడు ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని తాలూకాలను విడదీసి ఒంగోలు జిల్లాను ఏర్పరచిరి. 1972లో అది ప్రకాశం జిల్లా అయినది. నల్లమలకు, వెలిగొండలకు నడుమ మెట్టపైర్లు పండించుకొను మాకు ఆ విధంగా కాగితం మీద ఒక కడలి లభించినది.

నేను ఉపాధ్యాయునిగా ఉన్న రోజులలో కొత్తపట్నం తీరానికి విహారయాత్ర పోయినప్పుడు పిల్లలు తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు: "సార్, పొద్దు నీళ్ళల్లో ఎప్పుడు మునుగుద్ది?" కేలెండర్లలోను, సినిమాలలోను వారు చూచిన దృశ్యమది. అది గోవా, కేరళ తీరాలకు చెల్లును. మనది తూర్పు కడలి. ఇక్కడ సూర్యుడు నీటి నుండి లేచి నేల మీద వాలును. సాయంకాలం జనం అలలలో కేరింతలు కొట్టుచుండగా, అస్తమయాన్ని సెల్‌ఫోనులో పట్టదలచినవారు సముద్రానికి వీపు చూపక తప్పదు. వారు చూచు ఆ పడమటి దిక్కుననే మా ఊళ్ళున్నవి. రేఖాంశంలో సుమారు 1 డిగ్రీ తేడా గనుక, లెక్క ప్రకారం కొత్తపట్నంలో పొద్దు గుంకిన 3, 4 నిమిషాలకు గాని మార్కాపురంలో గుంకదు.

దండి కావ్యాదర్శంలో మహాకావ్యానికి చెప్పిన వర్ణనలలో సముద్రం, చంద్రోదయం, సూర్యోదయం ఉన్నవి. అస్తమయం వేరుగా లేదు. తూర్పు తీరవాసికి ఇది చక్కగా సరిపోవును. పున్నమినాడు వెనుక సూర్యుడు వాలుచుండగానే ఎదుట కడలి నుండి చంద్రుడు లేచును. కడలిని వెనుక ఉంచుకొని నిలిచినవారి ముఖాలపై పడమటి వెలుగు పడును. మన తీరానికి తగిన ఛాయాచిత్రమదియే.

నీటిలో అస్తమయమే కావలెనన్నవారికి కంభం చెరువు కలదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు కొండల నడుమ అడ్డుకట్ట వేయగా ఏర్పడిన విజయనగర కాలపు చెరువిది. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ దీనిని కట్టించెనని జనశ్రుతి. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. నిండిన యేడు నల్లమల మీది పొద్దుకు ఆ నీరు ఎర్రబారును. నిండని యేడు అదే పొద్దు పగిలిన ఒండ్రు మీద వాలును. మా అస్తమయం అందమెంతయో వాన చెప్పవలెను.

2025 డిసెంబరు ఆఖరున మార్కాపురం జిల్లా వేరుపడినది. ఒంగోలు దూరమని మా వారు చిరకాలంగా కోరినదే గనుక విచారమేమియు లేదు. 55 ఏళ్ళ సముద్రం మాత్రం పటంలో మరల పోయినది. గుండ్లకమ్మ జిల్లాల హద్దులెరుగదు. మార్కాపురం సీమను దాటి, అద్దంకి ప్రక్కగా పారి, బంగాళాఖాతంలోనే కలియును.

కొత్తపట్నంలో ఫోటోలు తీసుకొను మా పిల్లలు ఒక మాట గుర్తుంచుకొందురు గాక. ఎదుటి కడలిలో మన వానలు కలిసి ఉన్నవి. వెనుక, పొద్దు వాలు దిక్కున, ఆ వానల కొరకు ఎదురుచూచు చెరువు ఉన్నది.