మెట్ట సేద్యం లెక్కలు: మన పాలమూరు రెండు ఊళ్ల చరిత్ర

ప్రతి ఏడు ఈ రిపోర్టులో పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క చదువుకుంటాం. ఈసారి మెట్ట చేల లెక్క కూడా చూద్దాం. మన ఇటిక్యాల అటు కృష్ణ, ఇటు తుంగభద్ర నడుమ నడిగడ్డలో ఉంది. జూరాల, ఆర్డీఎస్ పేర్లు వింటే బయటివాళ్లకు మనదంతా తడి పొలమే అనిపిస్తది. నీళ్లెక్కని చెలకలు ఎన్నున్నాయో మనకు తెలుసు.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ పెట్టారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి వానాధార పంటల మీద వాళ్ల పని. విత్తనం ఒక్కటే ఇస్తే సరిపోదు, రైతు ఇంటి లెక్క తెలియాలని 1975లో ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. నాలుగు మహారాష్ట్రవి. రెండు మన పాత పాలమూరు జిల్లావే: ఔరేపల్లి, దేవరకద్ర దగ్గరి డోకూర్. ఊరికి 40 ఇండ్లు, అందులో 30 సేద్యం చేసేవి, 10 కూలి మీద బతికేవి. ఊర్లోనే కాపురమున్న ఉద్యోగి మూడు నాలుగు వారాలకొకసారి ఇంటింటికీ పోయి పంట, కూలి, అప్పు అన్నీ రాసుకున్నాడు. ఇట్ల ఏండ్ల తరబడి.

ఔరేపల్లి ఎర్ర చెలకల్లో ఆముదాలు వేసేవారు. జొన్న, సజ్జ, కంది కలిపి కూడా వేసేవారు. ఒకటి పోయినా ఒకటి చేతికొస్తది. మన పెద్దమ్మలు చేసిన పద్ధతే అది, దానికి ఎవరూ ప్రీమియం కట్టలేదు. చేన్లలో కూలికి పిలిచిన పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే అని కూడా ఆ లెక్కల్లో తేలింది. కూలి మాత్రం మగవాళ్లకన్నా చాలా తక్కువ. దీనికి పెద్ద పరిశోధన కావాలా అని మీరు నవ్వొచ్చు. కాని కాగితం మీదికి ఎక్కితేనే సర్కారుకు కనబడుతది.

నాకు అన్నిటికన్నా నచ్చింది బొమ్మ బొరుసు ఆట. పేద రైతుకు ధైర్యం తక్కువ, అందుకే ఎరువు వెయ్యడు, కొత్త విత్తనం పెట్టడు అని చదువుకున్నవాళ్లు అనేవారు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ ఊళ్లలో నిజం పైసలతోనే పరీక్ష పెట్టాడు. ఏది పడినా 50 రూపాయలు తీసుకుంటావా, లేక ఒకవైపు పడితే ఏమీ రాక, రెండోవైపు పడితే 200 వచ్చేది తీసుకుంటావా? ఈ రెండింటి నడుమ ఇంకొన్ని రకాలు కూడా పెట్టాడు. పెద్ద ఆటలో కూలి మనిషి నెల సంపాదనకు మించిన డబ్బు గెలిచే వీలుంది. ఉన్నోళ్లు, లేనోళ్లు అని తేడా పెద్దగా కనబడలేదు. డబ్బు పెరిగేకొద్దీ ఎక్కువమంది నడుమ రకాలే పట్టుకున్నారు. అంటే పేదోళ్లకు భయం ఎక్కువ అన్నది నిలబడలేదు. తేడా ఎక్కడుందంటే, పెట్టుబడికి అప్పు ఎవరికి పుడుతది అన్న దగ్గర. ఆ మహారాష్ట్ర ఊళ్లలో సొసైటీ అప్పులు నడిచేవి, మన రెండు ఊళ్లలో వడ్డీ వ్యాపారులదే జోరు. ఏమీ లేనివాళ్లు అడ్వాన్సు తీసుకొని పెద్ద రైతు దగ్గర ఏడాది జీతముండేవారు.

ఇప్పుడు మన దగ్గర సీడు పత్తికి ఆర్గనైజర్ పెట్టుబడి ఇస్తాడు, పంట ఆయనకే ఇయ్యాలె. అప్పిచ్చినోడి మాటే చెల్లుడు యాభై ఏండ్లయినా పోలేదు.

1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టినంక మనకు ఇంకో దారి దొరికింది. కాని అందులో ఒక చిక్కుంది. బ్యాంకు కిస్తు నెలనెలా కట్టాలె. మెట్ట చేనుకు జొన్న కోసినప్పుడు కొంత, సంక్రాంతి దాటినంక కంది కొట్టినప్పుడు కొంత, అంతే పైసలు. నడుమ నెలల కిస్తు కూలి చేసి కడుతున్నాం, కూలి దొరకకపోతే మళ్లీ వడ్డీకి తెస్తున్నాం. బ్యాంకు రూలు మన చేతుల లేదు. గ్రామ సంఘాల సొంత నిధి మన చేతులనే ఉంది. మెట్ట పంటకని తీసుకున్న అప్పుకు నెలనెలా వడ్డీ మాత్రం కట్టి, అసలు పంట అమ్మినంక రెండు విడతల్లో కట్టేటట్టు తీర్మానం చేయాలని, వానలు మొదలుగాక ముందే దీన్ని మహాసభ ఎజెండాలో పెట్టాలని మా గ్రామ సంఘం తరఫున అడుగుతున్నాను.